గూస్‌నెక్ హిచ్: ఇంట్లో వెల్డ్ చేసుకోవాలా, కిట్ కొనాలా?

టెక్సస్‌లో పొలం కొన్న మనవాళ్లకి ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఫ్రిస్కోలోనో కేటీలోనో ఇల్లు, గంటన్నర దూరంలో పదో ఇరవయ్యో ఎకరాలు, కొన్ని మేకలు, ఒక ట్రాక్టరు, చలికాలానికి గడ్డి కట్టలు. కొన్నాళ్లు అద్దె ట్రెయిలర్‌తో నెట్టుకొస్తారు. ఆ తర్వాత ఎవరో 25 అడుగుల గూస్‌నెక్ ట్రెయిలర్ (కొంగ మెడలా వంగిన దాని ముక్కు బండి వెనక కాకుండా, పికప్‌లో సామాను వేసే బెడ్ మధ్యలో కూర్చుంటుంది) మంచి ధరకి ఇస్తామంటే తీసుకుంటారు, తీరా ఇంటికి తెద్దామంటే పికప్ బెడ్‌లో దాన్ని తగిలించే హిచ్, అంటే ఇనుప గుండులాంటి బాల్, దాన్ని పట్టి ఉంచే అమరిక, ఉండదు. బెడ్ కింద బిగించే కిట్ ధర చూస్తే మోడల్‌ని బట్టి సుమారు 600 నుంచి 900 డాలర్లు, బిగించినందుకు కూలీ వేరే. ఒక మందపాటి ప్లేటు, రెండు చదరపు ట్యూబులు, ఒక బాల్, ఇంతేగా, షెడ్డులో వెల్డింగ్ మెషీన్ ఉండనే ఉంది, మనమే చేసుకుందాం అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైవే మీద 65, 70 మైళ్ల వేగంతో లాగే కొత్త బండి అయితే కిట్ కొనండి, రెండో ఆలోచన వద్దు. పాత బండి, దాని మీద ఫ్లాట్‌బెడ్ (పక్క గోడలు లేని చదును బెడ్), నిర్మాణాల మీద వెల్డింగ్ చేసి చేయి తిరిగిన మనిషి, ఈ మూడూ ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. అప్పుడు కూడా బాల్, అది కూర్చునే సాకెట్ మాత్రం రేటింగ్ (ఎంత బరువు తట్టుకుంటుందో కంపెనీ ఇచ్చే అంకె) ఉన్నవి కొని తెచ్చుకోండి, మిగతాది మీరు చేసుకోండి. ఎందుకు ఇంత కచ్చితంగా చెబుతున్నానో కింద లెక్కలతో సహా రాస్తాను.

మన ఊళ్లలో ట్రాక్టర్ ట్రక్కుకి హిచ్చు, పిన్ను, డ్రాబార్ అన్నీ రోడ్డు పక్క వెల్డింగ్ షాపులోనే చేయించుకుంటాం, ఏళ్ల తరబడి పనిచేస్తాయి కూడా. ఆ ధైర్యంతోనే చాలామంది ఇక్కడా మొదలుపెడతారు. ఆ ట్రక్కు గంటకి ఇరవై పాతిక కిలోమీటర్లతో పోతుంది. ఇక్కడ అంతే బరువు వంద కిలోమీటర్లు దాటి పోతుంది. బరువు అదే అయినా వేగం నాలుగింతలైతే అది మోసే శక్తి పదహారింతలవుతుంది, అందుకే ఆ అనుభవాన్ని ఇక్కడ నేరుగా వాడుకోలేం.

అసలు గూస్‌నెక్ అవసరమా

హిచ్ గురించి ఆలోచించే ముందు ఏం లాగబోతున్నారో చూసుకోండి. 40 హార్స్‌పవర్ ట్రాక్టరు, ముందు లోడర్, వెనక గడ్డి కొట్టే ష్రెడ్డర్ అన్నీ కలిపినా మామూలుగా 5,000 నుంచి 6,000 పౌండ్లు. దీనికి బండి వెనక, బంపర్ కింద ఉండే రిసీవర్ గొట్టానికి తగిలించే బంపర్ పుల్ ట్రెయిలర్ సరిపోతుంది. నెలకోసారి ట్రాక్టరుని రిపేరుకి తీసుకెళ్లడం తప్ప వేరే పని లేకపోతే గూస్‌నెక్ జోలికి వెళ్లొద్దనే చెబుతాను. బెడ్‌లో రంధ్రం, దాని తాలూకు ఖర్చు, ట్రెయిలర్ తగిలించినంతసేపూ బెడ్ సగం పోవడం, ఇవన్నీ మీకు దండగ.

గూస్‌నెక్ గొప్పతనం బరువు పెరిగాకే తెలుస్తుంది. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు గుండ్రటి గడ్డి కట్ట ఒక్కోటి 1,200 పౌండ్లు దాటుతుంది, అలాంటివి ఆరేడు ఎక్కిస్తే ట్రెయిలర్ సొంత బరువుతో కలిపి 14,000 పౌండ్ల దగ్గరికి వెళ్లిపోతారు. అంత బరువు బండి వెనక, ఇరుసుకి ఐదడుగుల దూరంలో వేలాడితే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. బంపర్ పుల్‌లో హిచ్ మీద 1,200 పౌండ్లు పడిందనుకుందాం. బండి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 160 అంగుళాలు, బాల్ వెనక ఇరుసుకి 60 అంగుళాలు వెనక. 1,200ని 60తో గుణించి 160తో భాగిస్తే 450. అంటే ముందు చక్రాల మీద నుంచి 450 పౌండ్లు లేచిపోయాయి, స్టీరింగ్ తేలికైపోతుంది, ముందు బ్రేకులు పట్టు కోల్పోతాయి. అదే గూస్‌నెక్‌లో బాల్ మీద 2,800 పౌండ్లు పడినా, అది ఇరుసుకి మూడంగుళాలు ముందు ఉంది కాబట్టి ముందు చక్రాల మీదకి 50 పౌండ్ల పైచిలుకు వచ్చి చేరుతుంది. పక్కన పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు వెనక ట్రెయిలర్ ఊగకుండా ఉండేది కూడా ఈ కారణంగానే. ట్రెయిలర్ పక్కకి తోసినా ఆ తోపు దాదాపు ఇరుసు మీదే పడుతుంది, బండి తోకని పట్టుకుని తిప్పదు.

బండి సంగతి ముందు తేల్చుకోండి

డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద పసుపు తెలుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించొద్దు అని దాని మీద ఒక అంకె రాసి ఉంటుంది. అదే పేలోడ్. గూస్‌నెక్ ట్రెయిలర్ మొత్తం బరువులో సుమారు 20 శాతం బండి బెడ్ మీదే కూర్చుంటుంది, అదంతా ఈ పేలోడ్‌లోంచే పోతుంది. చాలా హాఫ్ టన్ బండ్లకి, అంటే ఎఫ్150 తరగతి పికప్‌లకి, ఈ అంకె 1,500 నుంచి 2,000 మధ్య ఉంటుంది. 10,000 పౌండ్ల ట్రెయిలర్ తగిలిస్తే 2,000 అక్కడే అయిపోతుంది, ఇక మీరు, మీ కుటుంబం, హిచ్ సొంత బరువు ఎక్కడ పెడతారు? బండి ఇంజన్ లాగగలదు, యూట్యూబ్‌లో ఎవరో లాగి చూపించారు అనేది వేరే సంగతి. హిచ్ మీద 30,000 పౌండ్లు అని ముద్ర ఉన్నంత మాత్రాన బండి సామర్థ్యం పెరగదు. బండి, హిచ్, బాల్, ట్రెయిలర్, టైర్లు, వీటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

కాబట్టి గూస్‌నెక్ అంటే అంతకంటే పెద్ద తరగతులైన ముప్పావు టన్ను లేదా ఒక టన్ను బండి అనుకోండి. ఇంకో సంగతి, లైసెన్స్. బండి రేటింగూ ట్రెయిలర్ రేటింగూ (సొంత బరువు, సరుకు కలిపి మించకూడని బరువు) కలిపి 26,000 పౌండ్లు దాటి, అందులో ట్రెయిలర్ రేటింగ్ 10,000 దాటితే టెక్సస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్స్ సాధారణంగా చాలదు, సొంత వాడకానికైనా నాన్ కమర్షియల్ క్లాస్ ఏ అడుగుతారు. 10,000 రేటింగ్ ఉన్న ముప్పావు టన్ను బండికి 14,000 ట్రెయిలర్ తగిలిస్తే 24,000, ఇబ్బంది లేదు. అదే ట్రెయిలర్‌ని 14,000 రేటింగ్ ఉన్న డ్యూయలీకి (వెనక ఇరుసుకి నాలుగు చక్రాలుండే బండికి) తగిలిస్తే 28,000. ఇక్కడ చూసేది రేటింగులు, ఆ రోజు మీరు వేసిన బరువు కాదు. పెద్ద బండి కొన్నాం ఇక టెన్షన్ లేదు అనుకునేవాళ్లకి ఇది అడ్డం పడుతుంది.

కొనేవాటిలో ఏది

మీ బండికి ఫ్యాక్టరీ నుంచే ప్రిప్ ప్యాకేజీ (హిచ్ కోసం ముందే చేసిన ఏర్పాటు) ఉందేమో ముందు బెడ్‌లోకి ఎక్కి చూడండి. ఇరుసుకి పైన, బెడ్ మధ్యలో గుండ్రటి మూత, దాని చుట్టూ ఇంకో నాలుగు మూతలు కనిపిస్తే మీ పని సగం అయిపోయినట్టే. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 2011 నుంచి ఈ సదుపాయం ఆర్డర్ మీద దొరుకుతోంది, తర్వాత రామ్, జీఎం హెవీ డ్యూటీ బండ్లలోకీ వచ్చింది. మధ్య రంధ్రంలో బాల్ దించి పిడి తిప్పితే చాలు. సెకండ్ హ్యాండ్ బండి ఇంకా కొనకపోతే ఈ ఐదు రంధ్రాలున్న బండికి కొన్ని వందలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

అది లేకపోతే నా ఓటు బెడ్ కింద బిగించే కిట్‌కే. కాన్సస్ రాష్ట్రం హంబోల్ట్‌లో తయారయ్యే బీ అండ్ డబ్ల్యూ వాళ్ల టర్నోవర్‌బాల్, కర్ట్ వాళ్ల డబుల్ లాక్, ఈ రెండూ ఎక్కువ కనిపిస్తాయి. రెండింటికీ పెద్ద బండ్ల మోడళ్లలో సాధారణంగా 30,000 పౌండ్లు లాగడానికి, 7,500 పౌండ్లు నిలువుగా మోయడానికి రేటింగ్ ఉంటుంది. బెడ్‌లో మీరు చేయాల్సింది బాల్ కోసం ఒక నాలుగంగుళాల రంధ్రం, ట్రెయిలర్ సేఫ్టీ గొలుసుల కొక్కేలకి చిన్న రంధ్రాలు. చక్రం గూట్లోంచి పిడి లాగి బాల్‌ని పైకి తీసి తలకిందులు చేసి పెట్టేస్తే బెడ్ చదునుగా అయిపోతుంది, ప్లైవుడ్ షీట్లు వేసుకోవచ్చు. ఈ రెండిట్లో ఏది అని అడిగితే, మీ బండి సంవత్సరానికీ మోడల్‌కీ ఫ్రేమ్‌కి డ్రిల్లు పెట్టకుండా ఉన్న రంధ్రాల్లోనే బిగిసేది ఏదైతే అది. పేరు కంటే అదే ముఖ్యం.

మూడోది, ఫిఫ్త్ వీల్ క్యాంపర్ ట్రెయిలర్ (బెడ్‌లోనే వేరే రకం హిచ్ మీద కూర్చునేది) కోసం ఇదివరకే బెడ్‌లో రైల్స్ బిగించి ఉంటే వాటి మీద కూర్చునే గూస్‌నెక్ బాల్ ప్లేటు. చవక, అరగంట పని. కానీ బాల్ బెడ్‌పైన ఎత్తులో ఉంటుంది, ఎప్పుడూ అడ్డమే, రేటింగ్ కూడా కింద బిగించే వాటికంటే సాధారణంగా తక్కువ. రైల్స్ ఉన్నవాళ్లకి సరే, ఇందుకోసం రైల్స్ కొని బిగించుకోవడం మాత్రం అర్థం లేని పని.

ఇంట్లో చేసినవి ఎక్కడ ఓడిపోతాయి

ఇంట్లో హిచ్ చేసేవాళ్లందరూ చూసుకునేది ఒక్కటే, అడ్డ ట్యూబు వంగుతుందా అని. నిజానికి అది వంగదు. ఫ్రేమ్ రైల్స్ (బండి పొడవునా రెండు పక్కలా ఉండే ఇనుప దూలాలు) మధ్య దూరం 36 అంగుళాలు, మధ్యలో 4×4 అంగుళాల చదరపు ట్యూబు, పావు అంగుళం మందం, దాని నడిమధ్య 2,800 పౌండ్లు. బరువుని పొడవుతో గుణించి నాలుగుతో భాగిస్తే 25,200. ఆ ట్యూబుకి సెక్షన్ మాడ్యులస్ (ఆకారాన్ని బట్టి వంపుని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) 3.9 దగ్గర ఉంటుంది, దానితో భాగిస్తే చదరపు అంగుళానికి 6,500 పౌండ్ల లోపే ఒత్తిడి. గతుకులో బరువు మూడింతలు కొట్టిందనుకున్నా 20,000 దాటదు. మామూలు స్ట్రక్చరల్ ట్యూబు 46,000 దగ్గరికి వెళ్తే గానీ లొంగదు. ఈ లెక్క చూసి, అబ్బో బోలెడంత బలం అనుకుని సంతోషపడిపోతారు.

అసలు ప్రమాదం ముందుకీ వెనక్కీ తోసే బలంలో ఉంది. ట్రెయిలర్ బ్రేకులు పనిచేయలేదు, మీరు గట్టిగా బ్రేక్ వేశారు, భూమ్యాకర్షణలో సగం అంత వేగంగా బండి ఆగుతోంది అనుకోండి. 14,000లో సగం, 7,000 పౌండ్లు బాల్‌ని ముందుకి తోస్తాయి. బాల్ మధ్యభాగం ఫ్రేమ్ పైభాగం కంటే ఎనిమిది అంగుళాలు ఎత్తులో ఉంటే అది 56,000 అంగుళం పౌండ్ల మెలి. దాన్ని ఆపేది ఫ్రేమ్‌కి రెండు పక్కలా ఉన్న బోల్టులే. ముందు బోల్టుకీ వెనక బోల్టుకీ మధ్య నాలుగంగుళాలే ఉంటే 56,000ని నాలుగుతో భాగించండి, 14,000, పక్కకి 7,000 పౌండ్లు. అదే పక్క ప్లేటు పొడుగ్గా చేసి బోల్టుల మధ్య పది అంగుళాలు ఉంచితే పక్కకి 2,800. ఇనుము అంతే, బోల్టులు అంతే, దూరం ఒక్కటే మారింది. కంపెనీ కిట్ల పక్క ప్లేట్లు అంత పొడుగ్గా ఎందుకుంటాయో ఇప్పుడు చూస్తే అర్థమవుతుంది. ఇంట్లో చేసిన వాటిలో చాలా వరకు ట్యూబు చివర ఒక చిన్న యాంగిల్ ముక్క, దానికి రెండు బోల్టులు, అవీ పక్కపక్కనే.

బోల్టు తెగుతుందని కూడా చాలామంది భయం. అర అంగుళం గ్రేడ్ 8 బోల్టు 17,000 పౌండ్ల వరకు సాగకుండా తట్టుకుంటుంది, తలకాయ మీద ఆరు గీతలుంటాయి చూడండి. అది అంత తేలిగ్గా తెగదు, కానీ వదులవుతుంది. బోల్టు పనిచేసేది రెండు ఇనుప ముఖాల్ని గట్టిగా అదిమి పట్టడం వల్ల. ఆ పట్టు పోయిందంటే ప్లేటు అటూ ఇటూ జరగడం మొదలవుతుంది, ఫ్రేమ్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా ఆగదు. గ్యాస్ కటింగ్‌తో చేసిన వంకర రంధ్రాలు, రంగు వేసిన ముఖాల మధ్య బిగించడం, మామూలు పల్చటి వాషర్లు, బెడ్ షీటు మీదుగా బిగించడం, పట్టు పోయేది వీటివల్లే.

ఇక వెల్డింగ్. నేను దగ్గర్నుంచి చూసిన ఒక పాత ముప్పావు టన్ను బండి గురించి చెబుతాను. ముందు ఓనరెవరో అడ్డ ట్యూబుని నేరుగా ఫ్రేమ్ కింది అంచుకి వెల్డ్ చేశాడు. వెల్డ్ చూడ్డానికి చక్కగా ఉంది, పొరలు పొరలుగా, ఎక్కడా తప్పుపట్టడానికి లేదు. కానీ వెల్డ్ ఆగిపోయిన చోట, దాని చివరి చుక్క పక్కనే, నల్ల రంగు మీద ఒక సన్నటి ఎర్ర గీత. తుప్పు. గోటితో గీకితే రంగు ఊడింది, కింద ఫ్రేమ్ అంచు నుంచి పైకి రెండంగుళాల పగులు. వెల్డ్ పగల్లేదు, దాని పక్కన వేడికి గుణం మారిన ఫ్రేమ్ పగిలింది. ఫ్రేమ్ రైలుకి పైఅంచూ కింది అంచే ఎక్కువ బలం మోస్తాయి. అక్కడ అడ్డంగా వెల్డ్ చేయడమంటే పగులుకి దారి గీసి ఇవ్వడమే. డ్రిల్లు పెట్టినా అంతే. ఫోర్డ్, జీఎం, రామ్ ముగ్గురూ బండి మీద బాడీలు కట్టేవాళ్ల (బాడీ బిల్డర్ల) కోసం గైడ్లు ఇస్తారు, ఎక్కడ రంధ్రం పెట్టొచ్చో ఎక్కడ కూడదో అందులో ఉంటుంది. మీ బండి సంవత్సరంది తీసి చదవండి. కొత్త బండ్ల ఫ్రేమ్‌లు ఎక్కువ బలమున్న స్టీలుతో చేసిన మూసిన పెట్టెల్లాంటివి, వాటికి వేడి పెడితే ఆ బలం పోతుంది. పాత బండ్లవి సీ ఆకారం ఛానెల్స్, కాస్త ఓర్చుకుంటాయి, అయినా అంచుల జోలికి వెళ్లకూడదు.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, కిట్‌కి మనం ఇచ్చే డబ్బులో ఇనుము విలువ చాలా తక్కువ. ఆ బండి ఫ్రేమ్‌లో ఉన్న రంధ్రాలకి అంగుళం తేడా లేకుండా సరిపోయే పక్క ప్లేట్లు, వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ ప్రమాణం జే2638 ప్రకారం పరీక్షించిన రేటింగ్, ఏ బోల్టుని ఎంత టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించాలో చెప్పే కాగితం, వీటికి ఇస్తున్నాం. ఇనుము మీరూ తేగలరు. ఆ పరీక్ష మీరు షెడ్డులో చేయలేరు. ఏదైనా ప్రమాదం జరిగి ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే లాయరు మొదట అడిగేది కూడా ఆ రేటింగ్ కాగితమే. డబ్బులకి ఇంకొకరి సరుకు లాగే హాట్‌షాట్ పని చేద్దామనుకునేవాళ్లయితే ఇంట్లో చేసిన హిచ్ గురించి ఆలోచించనే వద్దు.

అయినా చేసుకుంటామంటే

పాత ఒక టన్ను బండి, బెడ్ తీసేసి ఫ్లాట్‌బెడ్ వేసింది, ఎక్కువగా పొలం నుంచి పక్క పొలానికి, ఊళ్లో ఫీడ్ స్టోరుకి. ఈ బండికి ఇంట్లో చేసుకోవడం న్యాయమే, అసలు దీనికి సరిపడే కిట్ దొరకడమే కష్టం. దీనికి మంచి దారి ఉంది. ఫ్లాట్‌బెడ్‌లకి వెల్డ్ చేసుకునే గూస్‌నెక్ సెట్లు అమ్ముతారు, బాల్, సాకెట్, మధ్య ప్లేటు కలిసి ఒకే ముక్కగా, రేటింగ్ ముద్రతో వస్తాయి. అది కొని, దాన్ని మోసే అడ్డ కమ్ములూ ఫ్రేమ్‌కి పట్టే పక్క ప్లేట్లూ మీరు చేసుకోండి. బాల్‌ని మాత్రం దేనికీ వెల్డ్ చేయకండి. వేడి తగిలితే దాని గట్టిదనం పోతుంది, పైన క్రోమ్ పూత నుంచి వచ్చే పొగ ప్రాణానికి చెడు. జింకు పూసిన ఇనుము వెల్డ్ చేసేటప్పుడు కూడా పూత గీకేసి చేయాలి, లేకపోతే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం.

ఇనుము ఏదో తెలిసి కొనండి. టెక్సస్‌లో ప్రతి ర్యాంచ్ దగ్గరా ఆయిల్‌ఫీల్డ్ డ్రిల్ పైపు గుట్టలు పడుంటాయి, కంచెలకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. హిచ్‌కి వద్దు. అది వేడి చేసి గట్టిపరిచిన స్టీలు, మామూలుగా వెల్డ్ చేస్తే పక్కన పెళుసుబారి తర్వాత ఎప్పుడో పగులుతుంది, చేసిన రోజు మాత్రం రాయిలా కనిపిస్తుంది. స్ట్రక్చరల్ స్టీలు రకాలైన కొత్త ఏ36 ప్లేటు, ఏ500 ట్యూబు కొంటే మొత్తం కలిపి పెద్ద ఖర్చేమీ కాదు. వెల్డింగ్‌కి 7018 రాడ్, పొడిగా ఉంచింది. చిన్న 110 వోల్టుల మిగ్ మెషీన్‌తో అర అంగుళం ప్లేటు వెల్డ్ చేయకండి, పైన అందంగా కూర్చుంటుంది, లోపల అంటుకోదు.

పక్క ప్లేట్లని ఫ్రేమ్ నిలువు ముఖానికి బోల్టులతో పట్టండి, ముందూ వెనకా దూరం ఎంత వీలైతే అంత ఉంచండి. రంధ్రాలు డ్రిల్లుతో, బోల్టు సైజుకి సరిగ్గా. మూసిన పెట్టె ఫ్రేమ్ అయితే లోపల గొట్టం ముక్క పెట్టి బిగించాలి, లేకపోతే బోల్టు బిగిస్తున్న కొద్దీ ఫ్రేమ్ గోడలు లోపలికి నలిగిపోతాయి, పట్టు ఎప్పటికీ రాదు. బాల్ మధ్యభాగం వెనక ఇరుసు గీతకి రెండు నుంచి నాలుగంగుళాలు ముందు ఉండాలి, వెనక్కి ఒక్క అంగుళం కూడా వద్దు. ఇంకా ముందుకి జరిపితే మలుపులో ట్రెయిలర్ ముక్కు క్యాబిన్ వెనక అద్దానికి తగులుతుంది, పొట్టి బెడ్ బండ్లలో ఈ దూరం చూసుకోకుండా మొదలుపెట్టకండి. సాదా షాంక్ (బాల్ కింది కాడ) ఉన్న బాల్ వాడితే ఒకటింపావు అంగుళం షాంక్ నట్టుకి 450 అడుగుల పౌండ్ల టార్క్ కావాలి, ఒక అంగుళానికి 250. చేతి రెంచ్ మీద ఎక్కి తొక్కడం లెక్కలోకి రాదు, పెద్ద టార్క్ రెంచ్ అద్దెకి తెచ్చుకోండి. గూస్‌నెక్‌కి బాల్ సైజు 2 5/16 అంగుళాలు, అందులో గూస్‌నెక్ రేటింగ్ ఉన్నదే. అదే సైజులో బంపర్ పుల్ బాల్స్ కూడా ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉన్నా సగం బరువు కూడా మోయలేనివి ఉంటాయి, ముద్ర చదివి తీసుకోండి.

వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ కేబుళ్లు రెండూ తీసేయండి. ఇంధన ట్యాంకు చాలా బండ్లకి డ్రైవర్ వైపు ఫ్రేమ్ పక్కనే ఉంటుంది, బ్రేక్ గొట్టాలు, వైర్ల కట్ట కూడా అటే పోతాయి. ట్యాంకు దించకుండా తడి గోనె కప్పి కానిచ్చేద్దాం అనే మాట ఎవరైనా అంటే వాళ్లని ఆ పనికి పిలవకండి. కుదిరితే మొత్తం తయారీ బండికి దూరంగా బల్ల మీద చేసి, బండి దగ్గర బోల్టులు బిగించడం ఒక్కటే మిగిలేలా చూసుకోవడం అన్నిటికంటే మంచిది.

మామూలు బెడ్ ఉన్న బండికి బెడ్ పైన ప్లేటు పెట్టి కిందికి బిగించే పాత పద్ధతి ఒకటుంది. దీన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. బెడ్ షీటు మడతలు మడతలుగా ఉంటుంది, ప్లేటు ఆ మడతల మీద కూర్చుంటుంది, బరువు పడే కొద్దీ అవి నలుగుతాయి, బోల్టులు వదులవుతాయి. మధ్యలో చెక్క పెడితే నీరు పట్టి కుళ్లుతుంది. 2015 నుంచి ఎఫ్150, 2017 నుంచి సూపర్ డ్యూటీ బెడ్‌లు అల్యూమినియం, దాని మీద స్టీలు ప్లేటు నేరుగా పెడితే తడికి అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా రాలిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కిట్

డబ్బులే సమస్య అయితే ఇంట్లో చేసేకంటే నేను ఇటు చూడమంటాను, చాలామందికి ఇది తట్టదు. బండి అమ్మేసేవాళ్లు కిట్ విప్పి విడిగా అమ్ముతుంటారు, గుద్దుకున్న బండ్ల నుంచి జంక్‌యార్డుల్లోనూ దొరుకుతాయి, సగం ధరకే వస్తాయి. మధ్య పెట్టె చాలా మోడళ్లకి ఒకటే ఉంటుంది, పక్క ప్లేట్లు మాత్రం బండిని బట్టి మారతాయి, అవి విడిగా కంపెనీ దగ్గర కొనుక్కోవచ్చు. కొనేముందు సాకెట్‌లో బాల్ పెట్టి ఊపి చూడండి, గట్టిగా లటలటలాడితే వదిలేయండి. బాల్‌ని పట్టి ఉంచే పిన్ను లోపలికీ బయటికీ సాఫీగా జరగాలి. ఎవరైనా దాని మీద తర్వాత వెల్డ్ చేసిన గుర్తుంటే ఆ రేటింగ్ ఇక లేనట్టే. ముద్ర చెరిగిపోయి చదవలేకపోతే కూడా తీసుకోవద్దు. బోల్టులు పాతవి వాడకండి, మొత్తం కొత్త గ్రేడ్ 8 సెట్టు వేయండి.

ఏ దారిలో వెళ్లినా ట్రెయిలర్ వైపు పనులు కొన్ని మిగులుతాయి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కి బ్రేకులు తప్పనిసరి, బండిలో ట్రెయిలర్ బ్రేకుల్ని నడిపే బ్రేక్ కంట్రోలర్ లేకపోతే హిచ్‌తో పాటే అదీ పెట్టించండి. పై లెక్కలో 7,000 పౌండ్లు వచ్చింది ట్రెయిలర్ బ్రేకులు లేనప్పుడు, అవి సరిగ్గా పనిచేస్తే ఆ అంకె చాలా తగ్గిపోతుంది, అంటే మీ హిచ్ ఆయుష్షు సగం ట్రెయిలర్ బ్రేకుల చేతిలోనే ఉంది. గొలుసుల కొక్కేలు బెడ్ షీటుకి కాకుండా కింద ఫ్రేమ్‌కి పట్టిన కమ్మికి ఉండాలి. ట్రెయిలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా లాగే బ్రేకవే కేబుల్‌ని మాత్రం హిచ్‌కీ గొలుసుకీ కట్టకండి. హిచ్ ఊడివస్తే దానితో పాటే ఆ కేబుల్ కూడా వెళ్లిపోతుంది, లాగేవాడు లేక బ్రేకులు పడవు. బండి ఫ్రేమ్‌కో బెడ్ మూలనున్న కొక్కేనికో విడిగా కట్టండి.

ట్రెయిలర్ తగిలించాక చదునైన చోట ఆపి పక్కనుంచి చూడండి. బెడ్ పక్క గోడలకీ ట్రెయిలర్ అడుగు భాగానికీ మధ్య కనీసం ఆరంగుళాలు ఖాళీ ఉండాలి, పొలం గేటు దగ్గర గుంటలో బండి ఒరిగినప్పుడు ఆ ఖాళీయే మీ బెడ్‌ని కాపాడుతుంది. ఖాళీ కోసం కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రెయిలర్ భాగం) మరీ ఎత్తేస్తే ట్రెయిలర్ ముక్కు పైకి లేచి బరువంతా దాని వెనక ఇరుసు మీదకి వెళ్తుంది, అక్కడి టైర్లు తొందరగా పోతాయి, కప్లర్ లోపలి గొట్టానికి ఉన్న రంధ్రాల్లో ఒక్కో మెట్టూ మార్చి రెండూ కుదిరేది వెతుక్కోండి. మొదటి యాభై, వంద మైళ్లు లాగాక బండి కిందికి దూరి ప్రతి బోల్టుకీ టార్క్ రెంచ్ మళ్లీ పెట్టండి. నట్టు మీద, దాని పక్క ప్లేటు మీద కలిపి పెయింట్ మార్కర్‌తో ఒక తిన్నటి గీత గీసి ఉంచితే తర్వాత ఎప్పుడు కిందికి చూసినా ఏ నట్టు కదిలిందో రెంచ్ లేకుండానే తెలిసిపోతుంది.